పిల్లల రోడియోలో మేకలు, దూడలు: అమ్మాయి చేరతానంటోంది, ఏం చూసుకోవాలి?

కేటీ_నాన్న
అందరికీ నమస్కారం. మేముండేది హ్యూస్టన్‌కు పడమర, కేటీలో. అమ్మాయి ఏడో తరగతి. దాని క్లాస్‌మేట్ వాళ్లది గుర్రాలు, ఆవులు ఉన్న కుటుంబం. ఆ పిల్ల జూనియర్ హై రోడియోలో (గుర్రాలు, పశువులతో జరిగే కౌబాయ్ పోటీలు) పోటీ చేస్తుంది. మావాళ్లు వారాంతాల్లో అక్కడికి వెళ్లి గుర్రపు స్వారీ నేర్చుకున్నారు, బాగానే ఉంది. ఇప్పుడు తనకూ పోటీ చేయాలని ఉందట. మేక కట్టడం (గోట్ టైయింగ్), బ్రేక్‌అవే రోపింగ్ (గుర్రం మీంచి దూడ మెడకి తాడు విసరడం), ఈ రెండూ.

తెలియనివాళ్ల కోసం: మేక మెడకి పట్టీ వేసి, పదడుగుల తాడుతో మైదానం మధ్యలో గుంజకి కడతారు. పిల్ల గుర్రం మీద దౌడు తీస్తూ వచ్చి, గుర్రం పూర్తిగా ఆగకముందే దూకి, మేకని పట్టుకుని నేలమీద పడేసి, మూడు కాళ్లు కట్టి చేతులెత్తేస్తుంది. కట్టు ఆరు సెకన్లు నిలవాలి. చేయి తిరిగిన పిల్లలు పది సెకన్లలోపే ముగించేస్తారు. చూస్తుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది, ఆ వేగానికి మెచ్చుకోకుండానూ ఉండలేం.

ఇంట్లో మాత్రం చర్చ రగులుతోంది. మా ఆవిడకి అమ్మాయి పడుతుందేమోనని టెన్షన్. నాకు మేక గురించి. మేకకి దెబ్బ తగులుతుందా? ఎవరు చూస్తారు? రూల్స్ ఉన్నాయా? "వద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేవాళ్లు కారణం కూడా రాయండి, అమ్మాయికి చదివి వినిపిస్తాను. అదే అడిగింది.

పొత్తు_కంకి
మావాడు ఐదేళ్లప్పుడు గొర్రె ఎక్కాడు (మటన్ బస్టింగ్). హ్యూస్టన్ రోడియోలో ఐదారేళ్ల పిల్లలకే, 55 పౌండ్ల లోపు బరువుంటేనే. హెల్మెట్, చొక్కా మీద రక్షణ కోటు, ముఖానికి జాలీ. ఎక్కడం, పడటం, ఏడవడం, ఫొటో. గొర్రె మాత్రం ఏమీ జరగనట్టు మందలోకి వెళ్లిపోయింది. మరీ అంత ఆలోచించకండి సార్.

శాకపాకం
గొర్రె ఏమీ జరగనట్టు వెళ్లిపోయిందంటే దానికి ఏమీ జరగలేదని కాదండి. గొర్రెలు, మేకలు, ఆవులు వేటాడబడే జంతువులు. నొప్పి బయటికి కనబడనివ్వకపోవడం వాటి స్వభావంలోనే ఉంది. కేటీ_నాన్న గారు కారణం అడిగారు కాబట్టి రాస్తున్నాను.

ఒకటి, చట్టం. అమెరికాలో 1966 నాటి జంతు సంక్షేమ చట్టం ఉంది కదా, దాని పరిధిలోకి సర్కస్ వస్తుంది, జూ వస్తుంది. రోడియో రాదు. పశువుల ప్రదర్శనలూ రావు. చాలా రాష్ట్రాల క్రూరత్వ నిరోధక చట్టాల్లోనూ రోడియోకి మినహాయింపులున్నాయి. అంటే మీ ఇంటి పక్కాయన తన కుక్కపిల్లకి తాడు విసిరి, నేలకేసి పడగొట్టి, కాళ్లు కడితే పోలీసులొస్తారు. అదే దూడకి చేస్తే బహుమతి ఇస్తారు.

రెండు, పిల్లలు. పన్నెండేళ్ల పిల్లకి "నీకంటే బలహీనమైనదాన్ని ఎంత వేగంగా లొంగదీస్తే అంత గొప్ప" అని స్టాప్‌వాచ్ పెట్టి నేర్పుతున్నాం. నాకు మేక కాళ్లకంటే ఇదే ఎక్కువ బాధ.

బ్రిటన్‌లో 1934లోనే ఇలాంటివాటికి అడ్డుకట్ట వేస్తూ చట్టం చేశారు. 1924లో వెంబ్లీలో జరిగిన రోడియో చూసి జనం గగ్గోలు పెట్టిన పదేళ్లకి.

గొడ్ల_డాక్టర్
తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివి, చాలా ఏళ్లుగా ఓక్లహోమాలో పెద్ద పశువుల వైద్యం చేస్తున్నాను. రోడియోల్లో డ్యూటీ కూడా చేశాను. ఇక్కడ అన్ని పోటీలనీ ఒకే గాటన కట్టేస్తున్నారు, అందుకని విడివిడిగా చెబుతాను.

ఎగిరే గుర్రాలు, ఎద్దులు: వాటికి వెనక కడతారే ఫ్లాంక్ స్ట్రాప్, అది వృషణాలకి బిగిస్తారని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. అబద్ధం. నడుము వెనక, తొడల ముందు భాగంలో కడతారు, గుర్రాలకైతే గొర్రెబొచ్చు అస్తరు వేసి. అది అసౌకర్యం, కాదనను. అందుకే విదిలించుకోవడానికి కాళ్లు ఎత్తి తన్నుతుంది. కానీ ఆ పశువులు ఖరీదైనవి, పనిచేసేది ఎనిమిది సెకన్లు. వాటిని కాపాడుకునే స్వార్థం యజమానికే ఉంటుంది. అక్కడ నాకు పశువుకంటే పైనున్న కుర్రాడి మెడ గురించే భయం.

దూడని కట్టడం (టై-డౌన్): అసలు సమస్య ఇదే, దాచిపెట్టి లాభం లేదు. దూడ పరిగెత్తుతుంది, మెడలో ఉచ్చు పడుతుంది, గుర్రం ఆగుతుంది, తాడు బిగుస్తుంది, దూడ ఒక్కసారిగా వెనక్కి తిరిగిపోతుంది. తర్వాత దాన్ని ఎత్తి పడేసి మూడు కాళ్లు కడతారు. దూడ వెల్లకిలా ఎగిరిపడేలా లాగితే శిక్ష వేసే రూల్ కొన్ని సంఘాల్లో ఉంది. రూల్ ఉందంటేనే అలా జరుగుతోందని అర్థం కదా. మెడ కండరాలు, గొంతు, అప్పుడప్పుడూ కాలి ఎముకలు దెబ్బతినడం నేను చూశాను. రోజూ జరుగుతుందని అనను. 2016లో ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్ యూనివర్సిటీవాళ్లు తాడు వేయకముందు, వేశాక దూడల రక్తం తీసి చూశారు. ఒత్తిడి హార్మోన్లు పెరిగాయి. అంతకుముందు అలవాటున్న దూడల్లోనూ పెరిగాయి. "వాటికి అలవాటైపోతుందిలే" అనేవాళ్లకి అది జవాబు.

బ్రేక్‌అవే: ఇందులో తాడు చివర జీనుకి సన్నటి దారంతో కడతారు. దూడ మెడలో ఉచ్చుపడి తాడు బిగియగానే ఆ దారం పుటుక్కున తెగుతుంది. అంతే, సమయం ఆగిపోతుంది, దూడ తాడుతోనే పరిగెత్తుకుపోతుంది. కుదుపు లేదు, పడగొట్టడం లేదు, కట్టడం లేదు. రోడ్ ఐలండ్ రాష్ట్రం టై-డౌన్‌ని నిషేధించినప్పుడు కూడా బ్రేక్‌అవేని ఉంచింది. చాన్నాళ్లు దీన్ని ఆడపిల్లల ఆటగా చిన్నచూపు చూశారు. 2020 నుంచి దీనికి జాతీయ ఫైనల్స్ కూడా జరుగుతున్నాయి.

మేక: ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. దాని గురించి తీరిగ్గా రాస్తాను, ఇప్పుడు ఫోనొస్తోంది, ఎవరిదో ఆవు ఈనలేకపోతోందట.

ఒంగోలు_గిత్త
డాక్టర్ గారూ, ఆవు సంగతి చూసి రండి. ఈలోపు నేనొక విషయం చెప్పనా. అక్కడ మనుషుల్ని ఎగరేసే ఎద్దుల్లో చాలావాటికి మూపురం చూశారా? బ్రాహ్మన్ రక్తం అది. అమెరికన్ బ్రాహ్మన్ జాతిని మన దేశం నుంచి పోయిన గిర్, గుజరాత్, ఒంగోలు పశువుల్ని కలిపి తయారుచేశారు. ఒంగోలుని వాళ్లు నెల్లూరు అన్నారు. ఆ జాతి పెంపకందారుల సంఘం 1924లో హ్యూస్టన్‌లోనే పెట్టారు. కాబట్టి కేటీ_నాన్న గారూ, రేపు మీ అమ్మాయి తాడు వేసే దూడ మనకి దూరపు చుట్టమే అయ్యుండొచ్చు 😀

ఇక అసలు మాట. మాది ప్రకాశం జిల్లా. ఇంట్లో బండలాగుడు గిత్తలున్నాయి. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని పంటిని బట్టి విభాగాలు. గిత్తలకి ఉలవలు, నూనె, ఈత, నడక... మా నాన్న మమ్మల్ని అంత చూడలేదు. పోటీ రోజు ప్రేమగానే ఉంటాం. కానీ చర్నాకోల దెబ్బ, తోక మెలిపెట్టడం లేవని నేను చెప్పలేను. మేకు దిగ్గొట్టిన కర్ర వాడకూడదని మన దేశంలో 1965 నాటి నియమాల్లోనే ఉంది. ఎన్ని ఊళ్లలో పాటిస్తున్నారు? కమిటీవాళ్లు మైకులో "కర్ర పారేయండి" అని అరుస్తూ ఉంటారు, గిత్తల్ని తోలే ఆయన వెనక చేతిలో దాచి పొడుస్తూ ఉంటాడు.

చెప్పొచ్చేదేంటంటే, ప్రేమ ఉండటం వేరు, కొట్టకపోవడం వేరు. రోడియోవాళ్లు "మా పశువుల్ని మేం ప్రాణంలా చూసుకుంటాం" అంటే నేను నమ్ముతాను. మేమూ అంతే. దాంతో ప్రశ్న తీరిపోదు.

శాకపాకం
గిత్త గారూ, ఇంత సూటిగా రాసినందుకు థాంక్స్. నా వాదన నేనే రాసినట్టుంది.

కర్నూలు_కుర్రోడు
అంటే ఇప్పుడు బండలాగుడూ వద్దా, రంగంపేట పశువుల పండగా వద్దా, జల్లికట్టూ వద్దా? 2014లో సుప్రీంకోర్టు ఆపేసింది, 2017లో తమిళనాడు చట్టం మార్చుకుంది, 2023లో అదే సుప్రీంకోర్టు సరే అంది. ఐదుగురు జడ్జీలకంటే మీకెక్కువ తెలుసా? ఆదివారం మటన్ కొట్టుముందు క్యూలో నిలబడేవాళ్లకి మేక కాళ్లు కట్టడం మీద కన్నీళ్లా!

శాకపాకం
నేను మటన్ తినను. పేరు చూడండి.

మోడరేటర్
తిండి గొడవ ఇక్కడితో ఆపండి. జల్లికట్టుకి వేరే చర్చ ఇప్పటికే నడుస్తోంది, అందులో రాయండి. ఇక్కడ ఒక తండ్రి తన కూతురికి ఏం చెప్పాలని అడిగాడు. దాని మీదే ఉందాం.

రెండోతరం
నేను పుట్టి పెరిగింది టెక్సస్‌లోనే, తెలుగు రాయడం కాస్త స్లో, తప్పులుంటే సర్దుకోండి. హైస్కూల్లో ఎఫ్ఎఫ్ఏలో (వ్యవసాయం నేర్చుకునే విద్యార్థుల సంఘం) ఉన్నాను, మా చాప్టర్‌లో ఇండియన్ పిల్లని నేనొక్కదాన్నే. హ్యూస్టన్‌లో కాఫ్ స్క్రాంబుల్ అని ఉంటుంది, 1942 నుంచి జరుగుతోంది. ఎన్ని దూడలో దానికి రెట్టింపు పిల్లలు స్టేడియంలోకి దిగుతారు. వెంటపడి దూడని పట్టుకుని, తలకి తాడు తొడిగి, గీసిన గడిలోకి లాక్కెళ్లాలి. పట్టినవాళ్లకి ఒక దూడని కొనుక్కోవడానికి డబ్బు సర్టిఫికెట్ ఇస్తారు. ఏడాదిపాటు పెంచి, ప్రతి నెలా రిపోర్ట్ రాసి, మరుసటేడు షోకి తీసుకురావాలి.

నేను పెంచింది స్టీర్ (విత్తులు కొట్టిన కోడె). రోజూ పొద్దున్నే స్కూల్‌కి ముందు కడిగి, దువ్వి, నడిపించేదాన్ని. వాడు నన్ను చూస్తే అరిచేవాడు. షో అయ్యాక వేలం. గ్రాండ్ ఛాంపియన్ అయితే లక్షల డాలర్లు, 2022లో హ్యూస్టన్‌లో పది లక్షల డాలర్లకి పోయింది. మిగతావాళ్లవి మామూలు ధరకి. ఏ ధరకి పోయినా చివరికి లారీ వెళ్లేది ఒక చోటికే. బార్న్ వెనక పద్నాలుగేళ్ల పిల్లలు వరసగా కూర్చుని ఏడుస్తూ ఉంటారు. టీచర్లు ఇది జీవితపాఠం అంటారు.

అంకుల్, మీరు మేక కాళ్లు ఆరు సెకన్లు కడితే ఏమవుతుందా అని బాధపడుతున్నారు. ఆ మేక సాయంత్రం ఇంటికి వచ్చి మేత తింటుంది. నా స్టీర్ రాలేదు. కానీ మా అమ్మానాన్నలకి షో అంటే చదువు, రోడియో అంటే మోటు. ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

కేటీ_నాన్న
ఇది నేనెప్పుడూ ఇలా ఆలోచించలేదమ్మా. అమ్మాయికి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేను స్టీర్‌ని పెంచను" అంది. రోడియో సంగతి మాత్రం ఏమీ అనలేదు.

యారా_ఒడ్డు
మెల్‌బోర్న్ నుంచి. మా విక్టోరియా రాష్ట్రంలో తాడు వేసే పశువు 200 కిలోలకి తగ్గకూడదని నిబంధన. అమెరికాలో పెద్దవాళ్ల ప్రొఫెషనల్ పోటీల్లో దూడలు 220 పౌండ్ల నుంచి ఉంటాయి, అంటే దాదాపు 100 కిలోలు. మా రూల్‌కి సగం! 200 కిలోల పశువుని గుర్రం దిగి ఎత్తి పడేయడం ఎవరివల్లా కాదు కాబట్టి టై-డౌన్ దానంతటదే పోయింది. "నిషేధం" అనే మాట చట్టంలో రాయకుండానే. రోడియోలు ఇంకా జరుగుతున్నాయి, జనం వస్తూనే ఉన్నారు. రాజధాని కాన్‌బెర్రా ఉన్న ప్రాంతంలో మాత్రం రోడియోలే లేవు, పూర్తిగా నిషేధం.

గొడ్ల_డాక్టర్
ఆవు క్షేమం, పెయ్యదూడ. ఇక మేక.

పోటీ రోజు గురించి నాకు పెద్ద ఆందోళన లేదు. ఎందుకంటే ఆ రోజు అందరూ చూస్తుంటారు. జడ్జి ఉంటాడు. గుర్రం మేకని తగిలినా, తాడు దాటినా పది సెకన్ల పెనాల్టీ, అంటే ఆ పిల్ల పోటీలో లేనట్టే. మొరటుగా ప్రవర్తిస్తే అనర్హత. కాలిఫోర్నియాలాంటి చోట ఇంకా గట్టి చట్టముంది: వెట్ అక్కడుండాలి, లేదా పిలిస్తే వచ్చేలా ఉండాలి. గాయపడిన పశువుని తరలించే బండి సిద్ధంగా ఉండాలి. చూట్‌లోకి (పశువుని వదిలేముందు నిలబెట్టే ఇరుకు గడి) వచ్చాక కరెంటు కర్ర వాడకూడదు, పోటీ చేసేవాళ్లనో చూసేవాళ్లనో కాపాడటానికైతే తప్ప. గాయాల లెక్క 48 గంటల్లో రాష్ట్ర వెటర్నరీ బోర్డుకి పంపాలి.

నా ఆందోళనంతా ప్రాక్టీస్ గురించి. పోటీలో ఒక మేక కాళ్లు కట్టించుకునేది కొద్దిసార్లే. ఇంటిదగ్గర దొడ్డిలో? పిల్ల రోజూ సాధన చేయాలి. ఇద్దరు ముగ్గురు స్నేహితులొస్తారు. మేకలేమో రెండే. టెక్సస్ ఆగస్టు ఎండ. అదే మేక పడటం, లేవడం, మళ్లీ పడటం. అక్కడ జడ్జి లేడు, వెట్ లేడు, రూల్ పుస్తకం లేదు. నా దగ్గరికి వచ్చిన మేకల్లో కాలి కీళ్లు వాచినవి, గిట్టపైన తాడు ఒరుసుకుపోయి చర్మం ఊడినవి, అన్నీ ప్రాక్టీస్ మేకలే. టై-డౌన్ దూడలకీ ఇదే కథ, ఇంకా ఎక్కువ. రోడియోల గురించి వీధుల్లో ధర్నా చేసేవాళ్లూ, రోడియోని సమర్థించేవాళ్లూ ఇద్దరూ స్టేడియం గురించే పోట్లాడుకుంటారు. దొడ్డిలోకి తొంగిచూసేవాళ్లు లేరు.

కాబట్టి కేటీ_నాన్న గారూ, మీరు అడగాల్సింది సంఘాన్ని కాదు, ఆ స్నేహితురాలి కుటుంబాన్ని. పిల్లలు కట్టు వేయడం దేనిమీద నేర్చుకుంటారు? బొమ్మ మేక ఉందా? చేతివేగం మొత్తం బొమ్మ మీదే వస్తుంది. దిగడం, పరిగెత్తడం కూడా బొమ్మతోనే సాధన చేయొచ్చు. బతికున్న మేక అవసరమయ్యేది చివరి మెరుగులకి. ఎన్ని మేకలున్నాయి, ఒక్కోదాన్ని ఎన్నిసార్లకి మారుస్తారు? పడేసేటప్పుడు కొమ్ము, మెడ పట్టుకుని తిప్పేస్తారా, లేక వీపు మీదుగా చెయ్యి వేసి డొక్క దగ్గర పట్టి ఎత్తి, మెల్లిగా వాలుస్తారా? రెండోది నేర్పితే అది మంచి ఇల్లు. కాళ్లు విప్పాక మేకని చూడండి. లేచి, ఒళ్లు దులుపుకుని, గడ్డికోసం వెతికితే సరే. నోరు తెరిచి రొప్పుతున్నా, పళ్లు నూరుతున్నా, నెమరు మానేసినా ఆ రోజుకి ఆపేయాలి. పళ్లు నూరడాన్ని చాలామంది పట్టించుకోరు, మేకల్లో అది నొప్పికి గుర్తు.

శాకపాకం
డాక్టర్ గారూ, మీరు చెప్పినవన్నీ పాటిస్తే బాధ తగ్గుతుంది, ఒప్పుకుంటాను. కానీ బొమ్మ మీదే అంతా వస్తుందన్నారు. మరి పోటీ కూడా బొమ్మతోనే పెట్టొచ్చుగా?

గొడ్ల_డాక్టర్
పెట్టొచ్చు. చిన్నపిల్లలకి బొమ్మ దూడకి తాడేసే పోటీలు ఊరూరా ఉన్నాయి, సరదాగా ఉంటాయి. పెద్దపిల్లలకి ఎందుకు పెట్టరంటే, బొమ్మ పక్కకి తప్పుకోదు. ఆ అనిశ్చితే ఆట అంటారు వాళ్లు. ఆ జవాబు మీకు సరిపోదని తెలుసు. నిజం చెప్పాలంటే టై-డౌన్ విషయంలో నాకూ సరిపోదు, దాన్ని పిల్లల పోటీల్లోంచి తీసేస్తే నేను సంతోషిస్తాను. మేక దగ్గర మాత్రం నేను మీ అంత దూరం రాలేను.

పొత్తు_కంకి
మొదట తేలిగ్గా రాశాను కానీ ఇదంతా చదివాక మా గొర్రె ఆ రోజు ఎంతమంది పిల్లల్ని మోసిందా అని అనుమానం మొదలైంది. వచ్చే ఏడు వెళ్తే అడుగుతాను.

కేటీ_నాన్న
నిన్న ఆ కుటుంబంతో మాట్లాడాం. ఇలాంటి ప్రశ్నలు అడిగితే ఏమనుకుంటారోనని ఫీలయ్యాను కానీ ఆ తాతగారు ఏమీ అనుకోలేదు. పైగా ఉత్సాహంగా దొడ్డి మొత్తం తిప్పి చూపించాడు. పదిపన్నెండు మేకలున్నాయి. నీడ ఉంది, నీళ్లున్నాయి. ఎండాకాలంలో సూర్యుడు దిగాకే ప్రాక్టీస్. ఒక్కో మేకకి సాయంత్రానికి ఇన్నిసార్లే అని గోడమీద సుద్దతో గీతలు పెట్టి ఉన్నాయి. బొమ్మ మేక మాత్రం లేదు, "మా కాలంలో అవెక్కడివి" అన్నాడు. టై-డౌన్ దూడల దొడ్డి పక్కనే ఉంది. వాళ్ల మనవడు సాధన చేస్తుంటే చూశాం. అమ్మాయి మధ్యలో లేచి గుర్రాల దగ్గరికి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక ఒక నిర్ణయానికొచ్చాం. ఈ ఏడాది బ్రేక్‌అవే, బ్యారెల్ రేసింగ్ (గుర్రం మీద పీపాల చుట్టూ తిరిగే పరుగు). మేక సంగతి బొమ్మ మీద చెయ్యి తిరిగాక, తనకి అప్పటికీ కావాలనిపిస్తే చూస్తాం. "అప్పటికీ" అన్న మాట దగ్గర మా ఆవిడా, అమ్మాయీ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు, నాకేమీ అర్థం కాలేదు.

రెండోతరం
బ్యారెల్స్‌లో గుర్రాన్ని కొరడాతో ఎక్కువ కొట్టకుండా చూసుకోండి అంకుల్, అక్కడ దాని గురించి ఎవరూ మాట్లాడరు. స్పర్స్ (గుర్రాన్ని పొడవడానికి బూటు మడమకి పెట్టుకునేవి) కూడా మొదటి ఏడాది వద్దు. బ్రేక్‌అవేకి నాలుగు చక్రాల బండి వెనక ఈడ్చే ప్లాస్టిక్ దూడ దొరుకుతుంది. మా ఫ్రెండ్స్ అలాగే నేర్చుకున్నారు.

ఒంగోలు_గిత్త
సుద్ద గీతల ఐడియా బాగుంది. సంక్రాంతి పోటీలకి మా కమిటీ మీటింగ్ ఉంది. ఎన్నిసార్లు కర్ర లేచిందో గీత పెట్టి, మూడో గీతకి జతని పక్కన పెట్టేద్దామని అడుగుతాను. తంతారేమో చూడాలి.

కర్నూలు_కుర్రోడు
తంతారు అన్నా. అయినా అడుగు, మా ఊరి కమిటీలో మా మామ ఉన్నాడు, నేనూ చెవిలో వేస్తా.

కేటీ_నాన్న
డాక్టర్ గారూ, ఆఖరుగా ఒకటి. బొమ్మ మేక కొందామని చూస్తే రకరకాలున్నాయి, కొన్నిటికి కాళ్లు కదలవు. ఏది తీసుకోమంటారు?

గొడ్ల_డాక్టర్
కాళ్లు కీళ్ల దగ్గర వంగేది తీసుకోండి. కదలని కాళ్లమీద నేర్చుకున్న పిల్లలు నిజమైన మేక కాలిని కూడా బలవంతంగా విరిచినట్టు లాగుతారు.